చెయ్యెత్తిన చోట ఆగును

ఎల్.బి.నగర్,
10 జూలై 2011

చిరంజీవి నరేశ్‌కు పెద్దక్క దీవెనలు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నేను, నాయిన క్షేమం. నువ్వు అడిగిన ఫొటో ఇందులో పెడుతున్నాను. మడత పడకుండా రెండు పక్కలా అట్ట పెట్టాను. పని అయ్యాక రిజిస్టర్ పోస్టులోనే తిప్పి పంపు. నాయినకు చెప్పలేదు. అది పెట్టె అడుగున ఉండేది, ఆయన ఇప్పట్లో వెతుక్కోడు.

ఫోన్‌లో ఎందుకు మాట్లాడవని అడిగావు. రెండు గదుల ఇల్లు. నాయినకు చూపు తగ్గింది గాని చెవులు తగ్గలేదు. పాత మాటలు కాగితం మీదే నయం.

ఫొటో కింద రాసుకోవడానికి ఆ రోజుల సంగతి ఏదైనా రాయమన్నావు. బస్సుల గురించి నాకేమీ తెలియదు. మన ఇంట్లో ఒక పొద్దు ఎట్లా గడిచేదో తెలుసు. అదే రాస్తాను.

ఎనభై మూడు, వానకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకొని నేను, నాయిన ఉండేవాళ్ళం. అమ్మ నిన్ను పెట్టుకొని ఇప్పలమడుగులో ఉండేది. ఎకరం చెల్క భూమి, రెండు బర్రెలు విడిచి రానన్నది. నీ చిన్నక్క యాదలక్ష్మి అప్పటికే పెండ్లయి హయత్‌నగర్ వెళ్ళిపోయింది. నేను టీచర్ ట్రైనింగ్ చదువుతూ నాయినకు వండిపెట్టేదాన్ని.

నాలుగు కొట్టక ముందే లేచాను. అంతకు ముందు నుంచే వాన. నిలవదని తెలిసినా గడప ముందు రెండు గీతలు ముగ్గు వేశాను. స్టవ్‌లో పంపు కొట్టి నాలుగు జొన్నరొట్టెలు చేశాను. ఉల్లిగడ్డ కారం నూరాను. దీపం ముట్టించి నర్సింహస్వామికి దండం పెట్టుకునేసరికి నాయిన స్నానం చేసి వచ్చాడు. ఖాకీ చొక్కా తొడుక్కుంటుంటే ఛాతీ మీది గుండీ ఊడి చేతికి వచ్చింది.

"ఇడువు బిడ్డా, టైమైతున్నది," అన్నాడు.

"రొమ్ము ఇడుసుకొని బస్సు తోలుతవా? జర నిలువు," అని ఒంటి మీదే కుట్టాను. తడి చేతులు. దారం రెండుసార్లు తెగింది. ఆయన గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. ఏడు నిమిషాలు పట్టింది. రొట్టెల మూట తీసుకొని గౌలిగూడ బస్టాండుకు సైకిల్ మీద వెళ్ళాడు. ఆయనది సూర్యాపేట వైపు పోయే తొలి ఎక్స్‌ప్రెస్.

రోజూ ఆ బస్సు మన సందు మొగదల దాటేటప్పుడు పొట్టిగా రెండు హారన్లు కొట్టేవాడు, నాకు వినపడేటట్టు. ఆ రోజు ఒక్కటే కొట్టాడు. నేను బట్టలు పిండి ఆరేశాను. గదిలోనే తాడు కట్టి. తర్వాత ట్రైనింగ్‌కు వెళ్ళాను. అంతే. అన్ని పొద్దుల వంటి పొద్దు.

ఫొటో ఆ ఏడు దసరాకు డిపోలో తీసింది. బస్సుకు బంతిపూల దండలు, పక్కన నాయిన. మిగిలింది నీకు తెలుసు.

వేళకు తిను. అక్కడి సాంబారు పడటం లేదన్నావు, మజ్జిగ తాగు.

మీ అక్క
అండాలమ్మ


కరూర్,
31 జూలై 2011

పెద్దక్కకు నరేశ్ నమస్కరించి రాయునది.

ఫొటో భద్రంగా అందింది. అట్టలు విప్పుతుంటే పక్క బల్ల మీద నాలాగే బస్సు బాడీల నమూనాలు గీసే సెల్వం "పెండ్లి పత్రికా?" అని అడిగాడు. "మా నాయిన," అన్నాను. వాడు చెయ్యి తుడుచుకొని మరీ పట్టుకున్నాడు. బస్సు బాడీలు కట్టే ఊరు కదా, ఇక్కడ పాత బస్సు ఫొటో అంటే దేవుడి పటంతో సమానం.

నీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. ఇంటర్నెట్‌లో ఫేస్‌బుక్ అని ఒకటి ఉన్నది. అందులో పాత బస్సుల ఫొటోలు దాచుకునే వాళ్ళం రెండు వేల మందిమి ఒక గుంపుగా కలిశాం. ఎవరి దగ్గర ఏ ఫొటో ఉంటే అది పెడతారు. మిగతావాళ్ళు చూసి ఏ ఏడాదిదో, ఏ రూటుదో, బాడీ ఎక్కడ కట్టిందో చెప్తారు. నేను ప్రతి ఆదివారం ఒకటి పెడతాను. ఇప్పటికి నలభై పెట్టాను. అన్నీ ఇతరుల నుంచి అడుక్కున్నవే. మన ఇంటిది ఇదే మొదటిది.

పోయిన ఆదివారం పెట్టాను. అక్కా, నాలుగు వందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. మూసారాంబాగ్‌లో ఉండే రిటైర్డ్ మెకానిక్ ఒకాయన ఆ ముందు జాలీ చూసి ఇంజను పుట్టుపూర్వోత్తరాలన్నీ రాశాడు. లలితకుమారి గారని ఒకావిడ, గుంటూరు వైపు నుంచి వచ్చి మన ఎల్.బి.నగర్ దగ్గరే స్థిరపడ్డారట, "ఇలాంటి బస్సులోనే మా నాన్నగారు మమ్మల్ని ఈ ఊరు తీసుకొచ్చారండీ, ఫొటో చూడగానే డీజిలు వాసన వచ్చింది," అని రాశారు. దాని కింద ఎవడో "వచ్చిన బస్సులోనే వాపస్ పోండ్రి," అని రాశాడు. అది తీసేశాను. ఈ రోజుల్లో బస్సు ఫొటో పెట్టినా ప్రత్యేక రాష్ట్రం గొడవకే వస్తున్నది.

నువ్వు రాసిన పొద్దు చాలా బాగున్నది, గుండీ, ఒక్క హారన్, అంతా. కాని కింద నేను వేరే రాశాను. బోర్డు మీద పేరు స్పష్టంగా కనపడుతుంది కదా, అందుకని ఇట్లా రాశాను:

"దిల్‌సుఖ్‌నగర్ – ఇప్పలమడుగు, 1983. పక్కన ఉన్నది మా నాయిన జంగయ్య. మా ఊరికి పోయే ఈ బస్సే మా అమ్మను చివరిసారి దవాఖానకు తీసుకుపోయింది. ఇప్పుడా ఊరికి బస్సు లేదు."

చివరి మాట చూసి మన ఊరి పిల్లలు పట్టుకున్నారు. ఉన్న బస్సును ఎవరు తీసేశారని అడుగుతున్నారు. తొంభై మంది పంచుకున్నారు. నాయినకు చదివి వినిపించు. ఆయన పేరు ఇంతమంది పలుకుతున్నారని తెలిస్తే సంతోషపడతాడు.

నీ తమ్ముడు
నరేశ్


ఎల్.బి.నగర్,
14 ఆగస్టు 2011

చిరంజీవి నరేశ్‌కు దీవెనలు.

ఉత్తరం అందింది. నాయినకు చదవలేదు.

బస్సు ఫొటో ఉండనీ. అమ్మ గురించి రాసిన మాట తీసేయగలిగితే తీసేయి. బస్సు లేదన్న మాట కూడా. నలుగురిలో పెట్టే సంగతి కాదు అది.

నాయిన మధ్యాహ్నం పూట వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు. రోడ్డు మీద పోయే బస్సు శబ్దం విని క్లచ్ అరిగిందని, బ్రేకు పట్టేస్తున్నదని చెప్తాడు. నిన్న ఉన్నట్టుండి "పెట్టె అడుగున ఉన్న ఫొటో నువ్వు తీసినవా?" అని అడిగాడు. తమ్ముడు చూస్తానంటే పంపానన్నాను. "మంచిగ చూడమను," అన్నాడు.

శనివారం నర్సింహస్వామి గుట్టకు పోయి వచ్చాను. నీ పేరున అర్చన చేయించాను.

మీ అక్క
అండాలమ్మ


కరూర్,
6 సెప్టెంబర్ 2011

పెద్దక్కకు నమస్కారాలు.

నీ మాట మన్నించి తీసేద్దామనుకున్నాను. కాని ఈలోపల ఒక గొడవ జరిగింది. ఇప్పుడు తీసేస్తే ఓడిపోయినట్టు అవుతుంది. నువ్వే చెప్పు.

మన ఊరి నుంచి రమ్య అనే అమ్మాయి పేరుతో ఒక కామెంటు వచ్చింది. "ఇప్పలమడుగుకు ఏ బస్సూ ఎన్నడు రాలే. ఈ మాట తప్పు." అంతే రాసింది. నేను మర్యాదగానే బోర్డు చూసుకోమన్నాను. "బోర్డు ఏదన్న రాసుకోవచ్చు, బస్సు రాలే," అని మళ్ళీ వచ్చింది. నాకు మండింది. "నువ్వు పుట్టకముందు మా అమ్మ ఆ బస్సులో పోయింది. మా అమ్మ పానం గురించి మాట్లాడుడానికి నువ్వెవరు? ఆ దినం నువ్వెక్కడున్నవు?" అని రాశాను. ఇంకా నాలుగు మాటలు అన్నాను, అవి నీకు రాయను. గుంపులో వాళ్ళు నా వైపే మాట్లాడారు.

రెండు రోజులకు బదులు వచ్చింది. "రాసేది నా మనుమరాలు, చెప్పేది నేను, గోపయ్యను. ఆ దినం నేను మంచం ఎడమ కాలు కాడ ఉన్న."

ఏ మంచం అక్కా? బస్సులో మంచం ఏంది? ముసలాయనకు మతి తప్పిందా? గోపయ్య అంటే నాయినకు తమ్ముడి వరుస, మనకు కాక అయ్యే ఆయనేనా?

ఊళ్ళో పిల్లలైతే ఆ ఫొటోను పెద్ద ఫ్లెక్సీ వేయించి దీక్ష టెంటు ముందు కట్టారట. "మా బస్సు మాకు కావాలి" అని రాశారట. వాళ్ళకు నేనేం చెప్పాలి?

ఇంకొకటి. గొడవ తేల్చడానికి మా ఆఫీసులో పెద్ద స్కానర్ మీద ఫొటోను మళ్ళీ తీశాను. అరచేతి అంత ఫొటోలో కంటికి ఆననివి అందులో కనపడతాయి. బోర్డు మీద ఊరి పేర్ల కింద సన్నగా ఇంకో వరుస ఉన్నది. నేను ఇన్నేళ్ళు అది రంగు గీత అనుకున్నాను. పెద్దది చేస్తే అక్షరాలు. "చెయ్యెత్తిన చోట ఆగును" అని ఉన్నది. నా దగ్గరున్న ఇన్ని ఫొటోల్లో ఏ బోర్డు మీదా ఇట్లాంటి మాట లేదు. నీకేమన్నా తెలుసా? నాయినను అడుగు. ఇది తేలితే గోపయ్య నోరు మూయించవచ్చు.

నీ తమ్ముడు
నరేశ్


ఎల్.బి.నగర్,
22 సెప్టెంబర్ 2011

చిరంజీవి నరేశ్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం పన్నెండో తారీఖున అందింది. బదులు రాయడానికి పది రోజులు పట్టింది. మాకు బడి లేదు, సమ్మెలో ఉన్నాం. సోమవారం నుంచి బస్సులు కూడా లేవు. రోడ్డు మీద శబ్దం లేక నాయిన కుర్చీ లోపల వేసుకున్నాడు. రాయడానికి తీరిక లేక కాదు, పది రోజులు.

గోపయ్య కాక చెప్పింది నిజం. ఇప్పలమడుగుకు ఎన్నడూ బస్సు లేదు. ఇవాళ్టికీ లేదు, ఆటోలు వచ్చాయి.

డిపోలో ఒక వాడుక ఉండేది. దసరా నాడు బండికి దండలు వేసి ఫొటో దిగేటప్పుడు ఎవరి ఊరి పేరు వాళ్ళు సుద్దతో బోర్డు మీద రాసుకునేవాళ్ళు. ఆ ఫొటో ఊరికి పంపితే ఇంట్లోవాళ్ళు నలుగురికి చూపించుకునేవాళ్ళు. అన్నీ బస్సు పోని ఊళ్ళే. పై అధికారులు ఆ ఒక్క పూట చూడనట్టు ఉండేవాళ్ళు. నాయిన మాత్రం సుద్దతో రాయలేదు, పెయింటరు చేత రేకు మీద రాయించాడు. అమ్మ పోయి రెండు నెలలు. దుఃఖంలో ఉన్నాడు, రాయించుకోనీ అనుకున్నాను. కింది వరుస నేనెన్నడూ చూడలేదు.

అమ్మ బస్సులో పోలేదు. దవాఖానకూ పోలేదు. సాయంత్రం నుంచి వాంతులు, బేదులు. నడిరాత్రికి లేవలేకపోయింది. నులక మంచం మీద వేసుకొని నలుగురు మోసుకొని బయలుదేరారు. ఎనిమిది కిలోమీటర్ల బురద బాట. గోపయ్య కాక ఎడమ కాలు పట్టాడు. పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి పొద్దు పొడిచింది. మంచం దించి బస్సు కోసం నిలబడ్డారు. హైదరాబాద్ దిక్కు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. సూర్యాపేట దవాఖానకు పోవచ్చని నలుగురూ చేతులెత్తారు. ఆగలేదు. అమ్మకు అప్పటికి ప్రాణం ఉన్నది. నీళ్ళు అడిగిందట. గంటకు ఒక లారీ ఆగింది. అప్పటికి లేదు.

ఆ ఎక్స్‌ప్రెస్ నాయినది.

మిగిలిన ముగ్గురూ వానకు గోనెసంచులు కప్పుకొని తలలు వంచుకున్నారు. గోపయ్య కాక ఒక్కడు బస్సు ముందు అద్దంలోంచి నాయిన ముఖం చూశాడు. మూడోనాడు నన్ను గడ్డివాము పక్కకు పిలిచి చెప్పాడు. "నీకు చెప్పకుంటె నా కడుపు పగుల్తది బిడ్డా. జంగన్నకు మాత్రం ఎర్క కావద్దు. ఎర్కైతె బత్కడు," అన్నాడు. మా ఇద్దరి మధ్యనే ఉంచుకుంటామని నర్సింహస్వామి మీద ఒట్టు వేసుకున్నాం. ఇన్నేళ్ళూ ఆయన ఉంచుకున్నాడు. నీ మాటకు కూడా మంచం కాలు అన్నాడే గాని బస్సు ఎవరిదో అనలేదు. నువ్వు తిట్టింది ఆ మనిషిని.

నీకు నాలుగేళ్ళు. అమ్మ ఏదని రోజూ అడిగేవాడివి. దసరా ఫొటో వచ్చిన రోజు అది చూపించి, "ఈ బస్సుల అమ్మ దవాఖానకు పోయింది, డాక్టర్లు మంచిగ చూసిండ్రు, దేవుడు పిలిచిండు," అన్నాను. ఆ రోజు నువ్వు ఏడవకుండా పడుకున్నావు. పెద్దయ్యాక చెప్దామనుకున్నాను. పట్నంలో మా దగ్గరే పెద్దవుతూ నువ్వు నోటుబుక్కుల నిండా బస్సులు గీశావు. ఆ పనిలోకే వెళ్ళావు. ఇంక చెప్పలేకపోయాను. అది నా తప్పు.

నీకు రాసిన పొద్దు ఆ పొద్దే. అన్ని పొద్దుల వంటి పొద్దు అన్నాను. నాకు అట్లానే గడిచింది. నేను బట్టలు ఆరేస్తున్న వేళకు అమ్మ రోడ్డు పక్కన ఉన్నది. నా గుండీ వల్ల బస్సు ఆలస్యమైంది. ఆలస్యమైన రోజు నాయిన ఎక్కడా ఆపడు. దీపం ముందు ఇన్నేళ్ళు అన్నీ చెప్పుకున్నాను, ఇది తప్ప.

ఇప్పుడు బోర్డు కింది వరుస. చెయ్యెత్తిన సంగతి మా ఇద్దరికే తెలుసనుకున్నాను. నీ ఉత్తరం చదివి లేచి నాయిన ఉన్న గదిలోకి పోలేకపోయాను. ఆయన రాయించాడంటే ఆయనకు తెలుసు. ఆ దసరాకే తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క కప్పు కింద ఉండి ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

అడగలేదు. ఎట్లా అడగాలో తెలియలేదు.

మీ అక్క
అండాలమ్మ


కరూర్,
30 సెప్టెంబర్ 2011

అక్కకు,

ఉత్తరం ఎనిమిది రోజులకు వచ్చింది. రైళ్ళు ఆగాయి కదా.

ఫొటో తీసేశాను. మిగతావన్నీ కూడా తీసేశాను. గుంపులో నుంచి బయటికి వచ్చాను. ఎందుకని అడుగుతున్నారు. చెప్పలేదు.

ఇవాళ షెడ్డులో ఒక బాడీకి అద్దం బిగిస్తున్నారు. డ్రైవరు సీటులో కూర్చొని బయట నిలబడ్డ సెల్వంను చూశాను. చెయ్యి ఎత్తమన్నాను. వాడు నవ్వుతూ ఎత్తాడు. వాన లేదు, ఏమీ లేదు, ముఖం స్పష్టంగా కనపడింది. దిగి వచ్చేశాను. తర్వాత పని చేయలేదు.

నువ్వు నాకు అబద్ధం చెప్పావని కోపం ఉన్నది. లేదని రాస్తే అది ఇంకో అబద్ధం. నాకు నాలుగేళ్ళప్పుడు చెప్పింది సరే. ఇరవై ఏళ్ళప్పుడు? మొన్న జూలైలో? ఆ పొద్దంతా రాసి, ముగ్గు రాసి, ఉల్లిగడ్డ కారం రాసి, అది ఏ పొద్దో రాయలేదు. "బాగున్నది" అన్నాను నేను.

గోపయ్య కాకకు ఏ ముఖం పెట్టుకొని రాయాలి? ఆ పిల్లకు ఒక మాట పంపాను. బదులు లేదు.

నాయినను ఏమీ అడగకు. అడగకుండా ఎట్లా ఉంటావో కూడా నాకు తెలియదు. ఫొటో తిప్పి పంపమన్నావు. ఇప్పుడే పంపను.

నరేశ్


ఎల్.బి.నగర్,
7 అక్టోబర్ 2011

చిరంజీవి నరేశ్‌కు అక్క దీవెనలు.

నీ కోపం న్యాయమైనది. నీ ఉత్తరం దేవుడి దగ్గర పెట్టాను. తీయలేదు.

నిన్న దసరా. బస్సులన్నీ డిపోలోనే నిలబడి ఉన్నాయి. పొద్దున నాయిన అడిగాడు, "దండలన్న ఏసిండ్రా?" తెలియదన్నాను. "కదలని బండికి ఏస్తరో ఏయరో," అన్నాడు.

యాదలక్ష్మి హయత్‌నగర్ నుంచి స్కూటర్ వెనక కూర్చొని వచ్చింది. వచ్చీ రాగానే, "ఏందక్కా, పండుగ పూట ఇల్లు గిట్ల మూగవోయింది? సమ్మె మీ పొయ్యి కాడికి గూడ వచ్చిందా?" అన్నది. దానికి అప్పటికి ఏమీ తెలియదు.

మూడు గంటలకు గోపయ్య కాక వచ్చాడు. పాల వ్యానులో హయత్‌నగర్ దాకా, అక్కడి నుంచి కొంత ఆటో, కొంత నడక. జేబు నిండా జమ్మి ఆకు. గుమ్మంలోనే నన్ను చూసి నెమ్మదిగా, "పిల్లగాడు ఫొటో తీసేసిండంట గదా. నా మాటకేనా? నేను బస్సు రాలే అన్న, అంతే బిడ్డా, ఇంకేం అనలే," అన్నాడు. అది చెప్పడానికి అంత దూరం వచ్చాడు.

లోపలికి పోయి నాయిన చేతిలో జమ్మి పెట్టి కౌగిలించుకున్నాడు. నాయిన ఆయన చెయ్యి వదలలేదు. తడిమి చూసి అన్నాడు, "ఆ దినం ముందుగాల లేసిన చెయ్యి ఇదే గదా గోపయ్యా."

యాదలక్ష్మి చేతిలో సకినాల పళ్ళెం ఉన్నది. అట్లనే నిలబడ్డది.

నాయిన మెల్లగా చెప్పాడు. ఆ రోజు బస్సు తోలుతూ ఓరకంట మంచం చూశాడు. దాని మీది గళ్ళ దుప్పటి చూశాడు. ఎవరో అనుకున్నాడు. సాయంత్రం కబురు అంది ఊరికి పోతే అమ్మ మీద అదే దుప్పటి ఉన్నది.

"నువ్వు చూసినవని నాకెర్కే," అన్నాడు గోపయ్య కాకతో. "నువ్వు చెప్పకపోతివి. నేను అడగకపోతి."

అప్పుడు నేను గుండీ సంగతి చెప్పాను. నా వల్ల ఏడు నిమిషాలు ఆలస్యమైందని, అందుకే ఆపలేదని. నాయిన ముఖం నా వైపు తిప్పాడు.

"నీ గుండీ గాదు బిడ్డా. టైము మీద ఉన్నా ఆపకపోదును. ఆడ రోజు ఎవలో ఒకలు చెయ్యెత్తుతుండ్రి. అందరు మనూరోళ్ళే. ఒక్కనాడు ఆపితె రోజు ఆపాలె, ఎక్స్‌ప్రెస్ తోలెటోడు ఊరోళ్ళకు ఆపుతుండని పేరొస్తది. అందుకని ఆడికొచ్చేసరికి ఇంకో దిక్కు చూసుడు అలవాటు చేసుకున్న. ఆ రోజులల్ల నేను ఎవలికీ ఆపలే."

తరువాత బోర్డు గురించి అన్నాడు. ఊరి పేరు సుద్దతో రాస్తే చాలునని పెయింటరు చెప్పాడట. "కింద గా మాట గూడ రాయి, ఎవలు చదవకున్న మంచిదే, సన్నగ రాయి," అన్నాడట. ఫొటో దిగాక బోర్డు డిపోలోనే వదిలేశాడు. నిన్ను "మంచిగ చూడమను" అన్నది అందుకే. ఎవరైనా ఎప్పుడైనా చదువుతారని ఎదురు చూశాడు. మనకు ఇన్నేళ్ళు పట్టింది.

దీపం పెట్టే వేళకు నలుగురం కూర్చున్నాం. నేను, నాయిన, యాదలక్ష్మి, గోపయ్య కాక. ఏం అనుకున్నామో రాస్తున్నాను.

ఫొటో మళ్ళీ పెట్టాలి. ఇది నాయిన మాట. యాదలక్ష్మి ఒప్పుకోలేదు. "ముసలితనంల నాయినను బజార్ల నిలవెడ్తరా? దునియ అంత వచ్చి తలో రాయి ఏస్తది. మీరిద్దరు దాచుకున్నరు, నాకు చెప్పకపోతిరి, ఇప్పుడు పరాయోళ్ళకు చెప్తరా?" అన్నది. చాలాసేపు ఏడ్చింది. నాయిన ఆపమనలేదు. చివరికి తనే కళ్ళు తుడుచుకొని, "పెడితె అమ్మ పేరుతోని పెట్టుండ్రి. మీరు రాసిన దాంట్ల అమ్మ అమ్మ అని ఉన్నది గాని అమ్మకొక పేరున్నదని ఎవలన్న రాసిండ్రా?" అన్నది. ఎవరం రాయలేదు. అందుకని పేరు ఉండాలని అనుకున్నాం.

ఊళ్ళో ఫ్లెక్సీ సంగతి గోపయ్య కాక చూసుకుంటాడు. "బస్సు వాపస్ ఇయ్యుండ్రి అనుడు తీసేసి, మాకు బస్సే రాలేదు అని రాయమంట. అది నిజం గదా," అన్నాడు.

నువ్వు ఆయనకు కాగితం మీద ఉత్తరం రాయాలి, కంప్యూటర్‌లో కాదు. బస్సులు నడిచాక వచ్చి కలవాలి. నేను నీకు చెప్పవలసినవి అప్పుడు ఎదురుగా కూర్చొని చెప్తాను. అడిగినవన్నీ చెప్తాను.

ఫొటో కింద రాయవలసింది నాయిన చెప్తుంటే నేను రాసుకున్నాను. ఒక్క అక్షరం మార్చవద్దన్నాడు.

"ఈ బస్సు ఇప్పలమడుగుకు ఎన్నడు పోలే. బోర్డు నేను రాయించుకున్న. 1983ల వానకాలం ఒక పొద్దు ఆ ఊరి బాట కాడ నలుగురు చేతులెత్తిండ్రు, నేను ఆపలే. మంచం మీద ఉన్నది నా భార్య సైదమ్మ. అప్పటికి పానం ఉన్నది. డ్రైవర్ జంగయ్య."

కింద బ్యాడ్జి నంబరు కూడా వేయమన్నాడు. రిటైరైన మనిషికి నంబరు ఎందుకని యాదలక్ష్మి అడిగింది. కంప్లయింటు రాసెటోళ్ళకు నంబరు కావాలె గదా అన్నాడు.

4417.

మీ అక్క
అండాలమ్మ